ఆయిల్ కూలర్ కావాలా?

ఆస్ట్రేలియాలోని టూవూంబాలో శనివారం మధ్యాహ్నం. విడిభాగాలు తెప్పించుకుని భర్త నాలుగేళ్లుగా ఇంటి గరాజ్‌లో బిగిస్తున్న కారు దగ్గరికి, హాస్పిటల్లో నర్సుగా పనిచేసే భార్య డ్యూటీ దిగి, యూనిఫామ్ మార్చకుండానే వచ్చి నిలబడింది.

"ఇంకా ఏం మిగిలిందండీ?"

"ఆయిల్ కూలర్ పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నా. ఆన్‌లైన్‌లో సగం మంది పెట్టమంటున్నారు, సగం మంది వద్దంటున్నారు."

"అదేం చేస్తుంది?"

"బ్రిస్బేన్ నుంచి కొండెక్కి వచ్చేటప్పుడు ఇంజిన్ ఆయిల్ మరీ వేడెక్కకుండా చూస్తుంది."

"ఇప్పుడెంత వేడెక్కుతోంది?"

"తెలీదు. టెంపరేచర్ గేజ్ పెట్టలేదు."

"జ్వరం ఉందో లేదో చూడకుండానే తడిగుడ్డ వేస్తారా?"

"ముందు జాగ్రత్త."

"గేజ్ పెట్టి ఒకసారి స్టార్ట్ చేస్తే తెలిసిపోతుందిగా."

"కూలర్ లేకుండానా?"

"అసలు ఇంతవరకు ఒక్కసారైనా స్టార్ట్ చేశారా?"

"లేదు."

"పోయినేడు ఏం అడ్డమొచ్చింది?"

"సీట్ల రంగు తేలలేదు."

"అంతకుముందు?"

"అద్దాలు."

"నిజం చెప్పండి."

"ఒకవేళ స్టార్ట్ అవ్వకపోతే?"

"అప్పుడిక వేడెక్కదు. కూలర్ గొడవే ఉండదు. తాళం ఇటివ్వండి."