నాసియార్వి చేప బరువు

తౌనో కథ మొదలుపెట్టాడంటే సరస్సు ఒడ్డున రౌహానియెమి సౌనాలో, ఆవిరి కోసం కాలే రాళ్ళ మీద నీళ్ళు పోసేవాళ్ళు కూడా గరిటె ఆపేస్తారు. అభిమానం కాదు, ఆవిరి ఎక్కువైతే మధ్యలో లేచి పోవాల్సొస్తుందని, పోతే ఈ ఏడు కొత్తగా ఏం కలిపాడో తెలీదని. మార్చి రెండో ఆదివారం ఆయనకి పండగ. డోనట్ల సంచి ఒకటి బయట మేకుకి తగిలించి, లోపలికొచ్చి, పైబల్ల మీద కూర్చుని మొదలెడతాడు.

కథ మొదలవగానే ముసలి ఆర్మస్ లేచి బయటికెళ్ళి, సరస్సు మీది మంచులో కొట్టిన గొయ్యిలో మునిగి, కథ అయ్యాకే వస్తాడు. ఏటా అంతే. ఈసారి మోకాలి ఆపరేషన్ అయింది. కర్ర పక్కన పెట్టుకుని, కింది బల్ల మీద, పోలేక కూర్చున్నాడు.

"ముప్పై ఏళ్ళు నిండాయర్రా ఇవాళ్టికి," అన్నాడు తౌనో. "ముప్పై ఏళ్ళుగా ఒకరికి థాంక్స్ చెప్పాలని తిరుగుతున్నా. ఇంతవరకూ చెప్పలేకపోయా."

"ఎవరికి బాబాయ్?" అంది హిల్కా. ఊళ్ళో ట్రామ్ నడుపుతుంది. ఎవరికీ జంకదు.

"ఇంకెవరికి, చేపకి. విను. మాది లాపువా కదా, ఎటు చూసినా పొలాలే, నీళ్ళంటే కాలవ నీళ్ళే. నేను ఈ తాంపెరేకి వచ్చింది ఒక్క పూటకి. మా అక్క నాటకం టికెట్ చేతిలో పెట్టి, పోరా, మనుషుల్లో పడు అని తోసింది. రెండింటికి నాటకం, ఆరింటికి తిరుగు బండి. ఒంటిగంటకే దిగా. నల్ల సాసేజీ, ఎర్రపళ్ళ జాము తిన్నా. ఇంకా టైముంది. నది పక్కనే పైకి నడిస్తే ఈ నాసియార్వి సరస్సు. అబ్బ, ఏం సరస్సు అది. తెల్లగా, చదునుగా, అచ్చం మా పొలంలా ఉంది. పొలమే కదాని దిగి నడిచా."

"ఏ వైపు?"

"సరస్సు నదిలోకి దిగే వైపు."

బల్లల మీదున్న వాళ్ళంతా మూలిగారు. అక్కడ అడుగున నీళ్ళు పరుగెడుతూనే ఉంటాయి, నడి చలికాలంలో కూడా మంచు అప్పడంలా ఉంటుంది. ఈ ఊరి కుక్కలు కూడా అటు పోవు.

"మాకు తెలీదు కదమ్మా, పొలంవాళ్ళం. నాటకానికని కొన్న కొత్త బూట్లు. నలభై అడుగులేశానో లేదో, ఫట్. మెడ దాకా దిగిపోయా. వేరేవాడైతే అరుస్తాడు. నేను అరవలా."

"వినపడేంత దగ్గర్లో ఎవరూ లేరేమో."

"ఉన్నా అరిచేవాణ్ణి కాదు, మా ఇంటా వంటా లేదు. నెమ్మదిగా ఈత కొడుతున్నా. అంతలో ఎవరో కోటు కాలరు పట్టుకున్నారు. తిరిగి చూస్తే ఏముంది? పైక్ చేప. ఇంత దవడ. ఒక్కో పన్ను నా వేలంత."

"పోయినేడు చిటికెన వేలంత అన్నావు."

"పెరగదా మరి, ఏడాదైంది. అది నన్ను పట్టుకుని అడుగుకి దిగి, ఆనకట్ట తలుపుకి తోకతో ఒక్కటిచ్చుకుని, నదిలో పడింది చూడు! మిల్లుల్లో చక్రాలన్నీ వెనక్కి తిరిగాయి. ఊళ్ళో దీపాలారిపోయాయి. నేత పనివాళ్ళు కిటికీల్లోంచి టోపీలూపారు. వంతెన మీద విగ్రహాలున్నాయా, అందులో పన్నులు వసూలు చేసేవాడు చెయ్యి చాచాడు."

"కాపాడ్డానికా?"

"నీళ్ళు వాడుకున్నందుకు పన్నుకి. చేప ఊరుకుంటుందా, వాడి మొహాన నీళ్ళు చిమ్మి, అట్నుంచటే కింది సరస్సులోకి పోయింది. ఆ తర్వాత ఏం చేసిందో చెప్పుకోండి? టైమెంతైందని కళ్ళతోనే అడిగింది. పావు తక్కువ రెండు అన్నా. అంతే, వెనక్కి తిరిగి, ఆ నదికి ఎదురెక్కి, నన్ను నాటకశాల మెట్ల మీద దించింది. నేను లోపలికెళ్ళి నా సీట్లో కూర్చున్నా. ఒంటి మీంచి నీళ్ళు కారి ముందు మూడు వరసలు తడిశాయి. హీరోయిన్ ఏడవాల్సిన చోట నన్ను చూసి నవ్వింది. బయట నదిలోంచి చేప తోకతో చప్పట్లు కొట్టింది, తెర పడేదాకా."

సౌనా అంతా నవ్వుతోంది. తౌనో మాత్రం నవ్వలేదు. ఆయన కళ్ళు కింది బల్ల మీదే ఉన్నాయి.

"అంత మంచి చేపమ్మా అది," అన్నాడు. "నేనెవరో దానికేం తెలుసు? వదిలేస్తే పోయేది. వదల్లేదు."

"సరే బాబాయ్, ఇంతకీ బరువెంత?" అంది హిల్కా. "తొలి ఏడు నలభై కిలోలు, పోయినేడు నూట యాభై. పైక్ ఇరవై కిలోలు దాటితే పేపర్లో ఫొటో వేస్తారు. ఒక అంకె చెప్పు, దాని మీదే ఉండు."

"రెండొందల..."

"డెబ్భై రెండు," అన్నాడు ఆర్మస్.

ఆయన గొంతు మేం వినడమే అరుదు. అందరం కిందికి చూశాం.

"అప్పట్లో నా బరువు డెబ్భై రెండు. మంచు మీద బోర్లా పడుకుని వీడి కాలరు పట్టి లాగాను. నది లేదు, మిల్లు లేదు. కరిచింది కూడా చేప కాదు, వీడే. కంగారులో నా బొటనవేలు కరిచాడు. అరవలేదంటాడా? వీడి అరుపుకి అవతలి ఒడ్డున కుక్కలు లేచాయి."



"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం పెద్దాయనా?" అన్నాను.

"అక్కడ గేలం వెయ్యనని మా ఆవిడకి మాటిచ్చా. ఆ రోజు వేస్తున్నా. నా పేరు ఎత్తావంటే మళ్ళీ నీళ్ళలో తోస్తానని బెదిరించి, వీడితో ఒట్టేయించుకున్నా. నిన్న ఆవిడే బయటపెట్టింది. తెలుసుట, మొదట్నుంచీ. సరస్సు వాసనేసే స్వెటర్ ఉతికింది తనే కదా." మోకాలు రుద్దుకుంటూ, "ఇంకొకటి. మా ఇంటికి రమ్మంటే రాలేదు వీడు. టికెట్ పాడైపోతుందని ఆ తడి బట్టలతోనే నాటకానికి పోయాడు. అదొక్కటీ నిజం," అన్నాడు.

హిల్కా తౌనో వైపు తిరిగింది. "ఇంకేం బాబాయ్, చేప దొరికింది. చెప్పేదేదో చెప్పు."

తౌనో పైబల్ల దిగాడు. ఆర్మస్ పక్కన కూర్చున్నాడు.  

"ఆ రోజు ఆరింటి బండి నేనెక్కలేదు," అన్నాడు. "ఇక్కడే ఉండిపోయా. ఈ ఊళ్ళోనే పెళ్ళి చేసుకున్నా. పొద్దున పనికి పోతూ నది చూస్తా, సాయంత్రం ఈ సరస్సులో మునుగుతా. ఇదంతా నువ్విచ్చిందే, అన్నా. నేను బతికిన ప్రతి రోజూ నువ్విచ్చిందే."

ఆర్మస్ చెవులు ఎర్రబడ్డాయి. గరిటె తీసుకుని, ఎవర్నీ అడక్కుండా, రాళ్ళ మీద ఒకటికి రెండుసార్లు నీళ్ళు గుమ్మరించాడు.

"ఇదిగో, మళ్ళీ కోతలు మొదలెట్టాడు," అన్నాడు.

"ఇది కోత కాదు, అన్నా," అన్నాడు తౌనో.

ఆవిరికి ఒళ్ళు మండిపోతున్నా ఆ రోజు ఎవరం లేచి బయటికి పోలేదు.