ఆర్దేష్‌లో పలకని మనుషులు

తన జ్ఞాపకాన్ని ఎంతవరకు నమ్మవచ్చో త్యాగరాజుకే అనుమానం. ఆ మాట ముందుగా ఒప్పుకుని, టీ కప్పు పక్కన పెట్టి, ఒప్పుకున్న సంగతి మరిచిపోయి కథలోకి దిగడం ఆయన అలవాటు.

కెనడాలోని గ్వెల్ఫ్‌లో ప్రతి బేస్‌మెంటూ విద్యార్థులతో నిండిపోయిన ఏడాది అది. ఫ్రెంచి వస్తే పీఆర్, అంటే శాశ్వత నివాసం, తొందరగా వస్తుందని అందరూ ఆ భాష వెంట పడ్డారు. ఒకప్పుడు ఫ్రాన్సులో ప్రాజెక్టు చేసిన త్యాగరాజు, అక్కడ చదువు ముగించి ఉద్యోగం చేస్తున్న ధాత్రికి ఫ్రెంచి మాట్లాడే పరీక్షకు తర్ఫీదు ఇస్తానన్నాడు. ఆయన మాట మీద ఆమె కోచింగ్ మానేసింది. పాఠాలు మాత్రం ఇంకా మొదలుకాలేదు. ఆమె వర్క్ పర్మిట్ ముగియవస్తోంది, పరీక్ష మర్నాడే. ఆ మధ్యాహ్నం ఆమె, రూమ్మేటు అనంత్‌తో కలిసి ఆయన వంటింటి బల్ల ముందు కూర్చుంది.

“ఆర్దేష్ అని ఒక జిల్లా, నేనున్నది అక్కడే. నది కొండను తొలిచి రాతి వంతెన చేసింది. దాని కింద పడవలో వెళ్లాను, అదేం పెద్ద విశేషం కాదనుకోండి. కానీ నన్ను చూసి వంతెన కాస్త వంగింది.”

“నమస్కారం పెట్టిందా అంకుల్?” అన్నాడు అనంత్.

“పెట్టకేం? అసలు సంగతి ముందుంది, వినండి. లువార్ నది పుట్టేది ఆ కొండల్లోనే. దాహమేసి దోసిలి పట్టానా, కింద సముద్రం దాకా పడవలన్నీ ఇసుకలో కూర్చున్నాయి. గుహలో వేల ఏళ్లనాటి సింహాల బొమ్మలు, నేను లోపలికి రాగానే గోడ మీదే జరిగి చోటిచ్చాయి. రెండొందల ఏళ్ల కిందట మొదటి బెలూన్ ఎగిరిందీ ఆ జిల్లాలోనే, దానికి పొగ చాలకపోతే...”

“మీరు ఊదారు.”

“మరి ఎవరూదుతారు?”

ధాత్రి నవ్వలేదు.

“వంతెన వంగింది, సింహాలు జరిగాయి. మనుషులు ఒక్క మాటైనా అనలేదేం అంకుల్? వాళ్లు పలకరిస్తే మీరేం జవాబిచ్చేవారు? రేపు నాకు కావలసింది అదే.”

త్యాగరాజుకు ఫ్రెంచిలో వచ్చింది ఒక్క నమస్కారపు మాటే. ఆఫీసులో ఇంగ్లీషు, గదిలో కుక్కరు చుట్టూ తెలుగు. ఆ రెండింటి మధ్యనే అక్కడి రోజులు గడిచిపోయాయి. నదినీ గుహనూ ఆయన చూసింది గది గోడ మీది టూరిస్టు మ్యాప్‌లోనే.

“ఇవాళ ఎవరైనా నేర్పేవాళ్లు దొరుకుతారేమో చూస్తాను,” అంటూ ధాత్రి జాకెట్ అందుకుంది. ఆ గొంతులో కోపం లేదు. ఆయన తలెత్తలేకపోయింది అందుకే.

“అక్కడ ఎదురింటావిడ ఉండేది,” అన్నాడు చివరికి. “రోజూ గుమ్మంలో నిలబడి ఫ్రెంచిలో ఏదో అడిగేది. అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గేసి, తల ఊపి తలుపు వేసుకునేవాణ్ణి. కొన్నాళ్లకు ఆవిడ అడగడం మానేసింది. అదొక్కటే నాకు బాగా గుర్తుంది. అందుకే ఆ సంగతి కథలో చెప్పలేదు.”