ఉప్పు డాక్టరుగారి సన్మానం

"మామ్మా, తాతయ్యగారికి అవార్డు వచ్చినప్పటి సంగతులు చెప్పు. మా మెడికల్ కాలేజీలో ఆయన పేరు మీద మెడల్ పెడుతున్నారు కదా, నన్ను మాట్లాడమన్నారు. ఫోన్ ఇక్కడ పెడుతున్నాను, నీ పాటికి నువ్వు చెప్పుకుంటూ పో."

పెట్టు, పెట్టు. నేను దగ్గినా పట్టేసుకుంటుందా ఇది? సరేలే. అవార్డు గురించి చెప్పడానికేవుందే లావణ్యా, ఢిల్లీ పిలిచేరు, మెళ్లో వేసేరు, ఫొటో తీసేరు. అదిగో గోడ మీద. కోటు తొడుక్కుని ఎలా బిగుసుకుపోయేరో చూడు, మా పెళ్లిలో కూడా అంత బిగుసుకోలేదు మనిషి. నన్నడిగితే ఆ అవార్డు రాకపోతేనే బాగుండేది. ఈ మాట నీ స్పీచిలో పెట్టకు.

మొదట్నించీ చెప్తాను. నా పెళ్లినాటికి ఆయన రాజమండ్రిలో గుండె డాక్టరు. అప్పటికి మన వైపు గుండెకి వేరే డాక్టరుంటాడనే సంగతే జనానికి కొత్త. ఉన్నట్టుండి మనిషి కూలిపోతే దిష్టి కొట్టిందనేవారు, గాలి సోకిందనేవారు. ఆయనకేమో ఒకటే పిచ్చి, మన గోదావరి వాళ్లకి ఇన్ని బీపీలేంటి, ఇన్ని గుండె జబ్బులేంటి అని. ఉప్పేనని ఆయన అనుమానం. మరి మన తిండి అలాంటిదేగా. ఆవకాయ, మాగాయ, ఊరమిరపకాయలు, ఎండుచేపలు, చివరికి మజ్జిగలో కూడా ఉప్పురాయి పడాలి. మా అమ్మ అర్ధరూపాయికి బుట్టెడు కాయలు కొని ఏడు జాడీలు పెట్టేది. ఏడో, ఎనిమిదో. ఇల్లంతా జాడీలే.

ఎంత ఉప్పు తింటున్నామో ఒంట్లోంచి బయటికొచ్చేదాంట్లో తెలుస్తుందట. నవ్వకు, ఒంటేలే. ఒక పగలూ రాత్రీ వచ్చిందంతా పట్టి ఇమ్మని ఊరూరా తెల్ల డబ్బాలు పంచేరు. "ఇంత పెద్ద చదువు చదివి మా ఉచ్చ అడుగుతారేంటండీ డాక్టరుగారు" అని ఒక పెద్దాయన నా దగ్గరకొచ్చి వాపోయేడు పాపం. ఆడవాళ్లయితే డబ్బా మీద తువ్వాలు కప్పి, ఎవరూ చూడకుండా గుమ్మం పక్కన పెట్టి లోపలికి పారిపోయేవారు.

ఒకసారేవైందనుకున్నావ్. యానాం పక్క ఊళ్లకెళ్లి జీపునిండా డబ్బాలు వేసుకొస్తుంటే దార్లో పోలీసులు ఆపేరు. యానాంలో తాగే మందు చవకని తెలుసుగా, అటునించొచ్చే బండంటే అనుమానమే వాళ్లకి. "ఏంటివి?" అంటే ఈయన సిగ్గుపడి "ల్యాబుకండీ" అన్నారట. ఆ కానిస్టేబులు నమ్మలేదు. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు! మళ్లీ వాడు జీపు ఆపితే ఒట్టు. ఇది కావాలంటే పెట్టుకో స్పీచిలో, నవ్వుతారు.

అలా ఏళ్లు తిరిగి, ఉప్పేనని లెక్క తేల్చి, తగ్గించండని ఇంటింటికీ చెప్పేరు. ఉప్పు డాక్టరని పేరు పడిపోయింది. పొద్దున్నే కాఫీ తాగుతూ నాకు గుండె కథలు చెప్పేవారు, రోగులకి చెప్పీ చెప్పీ అలవాటు. మొదట్లో గుండె గీతలు తీసే ఈసీజీ మిషను గదంత ఉండేదట. రోగి రెండు చేతులూ, ఒక కాలూ ఉప్పునీళ్ల తొట్లలో ముంచుకుని కూర్చునేవాడట. దాన్ని తయారుచేసినాయనకి ప్రపంచంలోకల్లా పెద్ద బహుమతి ఇచ్చేరు. "చూసేవా సుభద్రా, గుండె మొదట ఉప్పుతోనే మాట్లాడింది" అనేవారు.

ఇంకొకాయన కథ ఇంకా చిత్రం. కుర్ర డాక్టరు. తన చేతి నరంలోంచి సన్న గొట్టం తనే గుండెదాకా తోసుకుని, దాంతోనే మెట్లు దిగెళ్లి ఎక్స్‌రే తీయించుకున్నాడట. పిచ్చాడన్నారు, చీవాట్లు పెట్టేరు, ఉద్యోగం లేకుండా చేసేరు. ఎన్నో ఏళ్లకి, ఎక్కడో చిన్న ఊళ్లో వైద్యం చేసుకుంటుంటే అప్పుడిచ్చేరు ఆ పెద్ద బహుమతి. ఇది చెప్పినప్పుడల్లా చివర్లో మీ తాతయ్య "బతికుండగా ఇచ్చేరు, అదే గొప్ప. పోయినవాళ్లకివ్వరు" అనేవారు.

ఎక్కడున్నాను... ఆఁ, అవార్డు. ఢిల్లీ కబురు రావడానికి ముందు, ముందు కాదులే, వచ్చేకే, మెట్లెక్కుతుంటే ఆయనకి ఛాతీ పట్టేసింది. తన మిషనుతో తనే గీత తీసుకున్నారు. నాలిక కింద పెట్టుకునే మాత్ర చొక్కా జేబులో వేసుకుని తిరిగేవారు. నాకు తప్ప ఎవ్వరికీ చెప్పలేదు. చెప్పనని నాచేత ఒట్టు వేయించుకున్నారు. "గుండె డాక్టరుకే గుండె జబ్బంటే ఉప్పు తగ్గించమన్న మాట ఇంకెవరు వింటారే? ఇన్నేళ్ల కష్టం నవ్వులపాలైపోదూ?" అన్నారు. మద్రాసు వెళ్లి చూపించుకోండని కాళ్లావేళ్లా పడ్డాను. "ఈ సన్మానాలు అవనీ, వెళదాం" అన్నారు.

సన్మానాలు అవుతాయా మన దగ్గర? డబ్బాలు పంచిన ఊళ్లన్నీ పిలిచేయి. ఎండాకాలంలో మొదలైతే గోదారికి వరద ఎర్రనీళ్లొచ్చినా అవలేదు. శాలువా కప్పి ఊరుకుంటే బాగుణ్ణు, భోజనం చెయ్యకుండా కదలనివ్వరే! ఉప్పు తగ్గించమన్నందుకు అవార్డొచ్చిన మనిషికి వడియాలూ, ఊరమిరపకాయలూ, పులస పులుసూ, పైన ధారకట్టి నెయ్యీ. తినకపోతే అలుగుతారు. ఒకరింట్లో తిని ఇంకొకరింట్లో వద్దంటే మరీ తప్పు. నేను పంక్తి వెనకాల నుంచుని "ఆయనకి పడదండీ, ఇంక వద్దండీ" అంటూనే ఉండేదాన్ని. "అమ్మగారు దిష్టి తగుల్తుందని దాచుకుంటున్నారండోయ్" అని నవ్వేసేవారు. తను పెట్టదు, ఇంకోళ్లు పెడితే ఓర్వలేదు అని ఒకావిడ అన్న మాట నా చెవినే పడింది. అసలు సంగతి చెబుదామంటే ఒట్టాయె. నోరు కుట్టేసుకున్నాను.

ఆఖరిది నరసాపురం దగ్గర ఒక పల్లెలో. అక్కడ సత్యవతమ్మని ఒక పెద్దావిడ, లేసులు అల్లుకునేది. మొదట్లో పంచిన డబ్బాల్లో ఆవిడదీ ఒకటి. బీపీ ఆకాశంలో ఉంటే ఈయనే కిందకి దింపేరు. పంక్తిలో అందరికీ వడ్డన అయిపోయేక ఆవిడ చిన్న జాడీ పట్టుకొచ్చింది. మీ తాతయ్య విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేరు. నేను చూసేనే, ఈ కళ్లతో చూసేను. అన్ని ఊళ్లు తిరిగితే ఆ ఒక్కచోటే అడ్డం పెట్టేరు. నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడావిడ అంది కదా, "బాబుగారూ, మీరు వద్దన్నాక జాడీ కడిగి బోర్లించేసేనండి. ఇన్నేళ్లూ ఊరగాయ ముట్టుకుంటే ఒట్టు. మీకు అవార్డొచ్చిందని తెలిసి ఈ వేసవిలో మీకోసం మళ్లీ మాగాయ పెట్టేనండి. నేను రుచి కూడా చూడలేదు. ఉప్పు సరిపోయిందో లేదో మీరే చెప్పాలి."

ఆయన చెయ్యి మెల్లగా వెనక్కి తీసేసుకున్నారు.

రెండోసారి కూడా వేయించుకున్నారు. "సరిపోయిందమ్మా" అన్నారు. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

తిరిగొస్తుంటే కార్లో ఏటిగట్టు మీద చాలా దూరమొచ్చేక ఆయనే అన్నారు, "గుండెలోకి గొట్టం ఎలా పంపాలో కనిపెట్టేరు గానీ సుభద్రా, ప్రేమగా పెట్టేవాళ్లని వద్దనడం ఎలాగో ఎవడూ కనిపెట్టలేదే" అని. నేను నవ్వుతానని చెప్పేరు. నేను నవ్వలేదు, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. మద్రాసుకి టిక్కెట్లు తెప్పించేరు. ఆ ప్రయాణం దాకా ఉండలేదు.

ఒక్క మాగాయ టెంకకి ఎవరూ పోరు, ఆపాటి నాకూ తెలుసు. ఆ గుండె నాళాలు ఎప్పట్నించో పూడుకుపోతూ ఉంటాయటగా. కానీ మద్రాసు వెళ్లాల్సిన రోజులన్నీ ఆ విస్తళ్ల ముందే అయిపోయేయి కదే. అదే నా బాధ, ఇప్పటికీ తీరదు. దినాలకి సత్యవతమ్మ వచ్చింది. "మా ఊళ్లో కడుపునిండా తిన్నారమ్మా, నాకదే తృప్తి" అని నన్ను పట్టుకుని ఏడ్చింది. ఏమని చెప్పను? అవునమ్మా అన్నాను. ఆవిడా పోయింది. ఈ సంగతి ఇన్నేళ్లకి నీకే చెప్తున్నాను.

ఇందాక పెట్టొద్దన్నానా? ఏమో... పెట్టు. మీ కాలేజీ కుర్రాళ్లకి చెప్పు. గుండె డాక్టరుకీ గుండె జబ్బొస్తుంది, వస్తే దాచుకోకూడదని చెప్పు. ఒట్టు తప్పిన పాపం నాకే రానీ.

ఆయన పోయినప్పట్నించీ మన ఇంటికి ఎవరొచ్చినా తింటారా అని ఒక్కసారే అడుగుతాను. వద్దంటే మూత పెట్టేస్తాను. ఈ వీధిలో నన్ను పిసినారి ముసల్దంటారు, అననీ. అన్నట్టు మాటల్లో పడి అడగనేలేదు, డబ్బాలో బెల్లం పూతరేకులున్నాయి, తింటావా?

"ఇప్పుడొద్దు మామ్మా."

సరే. ఇదిగో, మూత పెట్టేసేను. చూసేవా, ఎంత తేలికో. నిండు నూరేళ్లూ చల్లగా ఉండు తల్లీ. ఆ రోజు సత్యవతమ్మ కూడా ఇలా మూత పెట్టేసి ఉంటే... ఆ చెయ్యి అలాగే ఉంచి ఉంటే మీ తాతయ్య...