ఒక్కపొద్దు నాటి గోలీ

"అమ్మమ్మా, ఇగ నాతోటి కాదు. మూడొద్దుల సంది నోరంత ఇనుము నాకినట్టున్నది, కడుపుల తిప్పుతున్నది. తెల్లబట్ట వాసన గూడ పోయింది. డాక్టరమ్మ ఇచ్చిన గీ గోలీలు బంద్ చేస్త."

జర కూసో బిడ్డా. గీ ముచ్చట మీ అమ్మకు గూడ చెప్పలే నేను. గప్పుడు మీ అమ్మ బడికి పోతుండె... కాదు కాదు, ఇంకా పాలు తాగుడే మానలే. నాకు తెల్లబట్ట అయ్యింది, అండ్ల చేపల వాసన. మైల అనుకున్న. సబ్బు పెట్టి కడిగిన కొద్దీ ఎక్కువే ఆయె. దేవునర్ర దిక్కు పోలే. దీపం మా ఏరాలే పెట్టేది, అదే, మీ తాత తమ్ముని పెండ్లాం. మీ తాత ఏమడగలే, ధారూర్‌ల రైలెక్కించి తాండూరు తీస్కపోయిండు. ఆడ డాక్టరమ్మ పరీక్ష చేసి, "మైల గాదమ్మా, గిది రోగం. ఏడొద్దులు పొద్దుమాపు తిన్నంక మింగు. కల్లు ముట్టకు" అన్నది. "నేను కల్లు తాగేదాని లెక్క కనవడుతున్ననా?" అంటే మీ తాత కిసుక్కున నవ్విండు.

మూడొద్దులకు వాసన వోయింది. నాలుగో దినం శనివారం. రోగం పోతే ఒక్కపొద్దుంటనని అనంతగిరి పద్మనాభస్వామికి మొక్కుకున్న గదా, మాపు దీపం పెట్టేదాక ఏం తినొద్దని కూసున్న. ఉత్త కడుపుల గోలీ మింగిన. ఇగ చూడు, ఒకటే కక్కుడు. పడతలేవనుకొని బంద్ చేసిన. మిగిలినయి పారేయబుద్ధి గాక ఏరాలికిచ్చిన, దానికేందో దురద ఉండె. దాని రోగం వేరాయె, దురద ఇంకింత ఎక్కువాయె. "నీ దేవుడు నీకు వాంతులిచ్చిండు, నువ్వు నాకు మంటనిచ్చినవ్" అని ఎంత తిట్టిందో! నాకేమో నెల తిరగకముందే వాసన మళ్ల వచ్చె.

మళ్ల తాండూరే. డాక్టరమ్మ కోప్పడలే. "వాసన పోతే రోగం పోయినట్టు గాదు. నోట్లె ఇనుము రుచి గోలీలతోటే పోతది. వాంతులాగకుంటే నాకు చెప్పు, లోపట పెట్టుకునే మందిస్త. నీ అంతట నువ్వు మానకు. అన్నీ మింగినా ఒక్కోసారి మళ్లొస్తది, సిగ్గువడకుండ రా" అన్నది. గాసారి అన్నం తిని మింగిన. ఏడొద్దులు చాయ్ గూడ ఇనుమే. గని రోగం నయమాయె. ఎనిమిదో నాడు దీపం నేనే పెట్టిన.

ఇయ్యాల గూడ శనివారమే గదా... పొద్దుగాలకెల్లి ఏం తిన్నవ్? నాకెరికే. నేను నేర్పిన ఒక్కపొద్దేనాయె. లే బిడ్డా, ముందు రెండు ముద్దలు పెరుగన్నం తిని గోలీ మింగు. తిన్నా వాంతయితే డాక్టరమ్మకు ఫోన్ చేద్దాం. స్వామికి నేను చెప్పుకుంట. నీ ఒక్కపొద్దు ఇయ్యాల నేనుంట. సల్లగుండు తల్లీ... తిను, తిను.