జీపు ముంగట

సబ్ జైలు ములాఖత్ గది. ఇనుప జాలీకి అటువైపు సైదులు, ఇటువైపు అతని భార్య ధనలక్ష్మి. తలుపు దగ్గర వార్డర్.

“మెల్లగ మాట్లాడు. అందరు వింటున్నరు.”

“ఎవలు వింటున్నరు? ఎవల బాధ వాళ్లకే ఉన్నది గీడ.”

“ఆ వార్డర్ వింటడు. మిల్ట్రీ అనే మాట మాత్రం ఎత్తకు ధనా. ఏదన్న ఉంటే నౌకరి అను.”

“మల్ల గదే. పోయినసారి వచ్చినప్పుడు గూడ గదే.”

“గోపిక ఎట్లున్నది?”

“బడికి పోతున్నది. నాయిన వీడియో కాల్ ఎందుకు చేస్తలేడని రోజు అడుగుతది. బార్డర్ల సిగ్నల్ ఉండదు బిడ్డా అని చెప్తున్న.”

“బార్డరా? బార్డర్ ఏంది ధనా?”

“మల్ల ఏం చెప్పమంటవ్? సైదులు ఏడి, సైదులు ఏడి అని ఊరంత అడగవట్టె. నోటికొచ్చింది చెప్పిన. రిటైరైనోళ్లను మల్ల పిలిసిండ్రు, బార్డర్‌కు పోయిండు అన్న.”

“కోదాడల పనిల ఉన్నడని చెప్పరాదా?”

“కోదాడ ఎంత దూరమని? బస్సెక్కి సూసొస్తమంటే ఏం చెప్దును?”

“నమ్మిండ్రా?”

“నమ్ముడా! మన ముత్తయ్య ఫ్లెక్సీ కొట్టిచ్చిండు. నీ యూనిఫాం ఫోటో వెట్టి బస్టాండ్ కాడ కట్టిండ్రు. పోరగాండ్లు దాని ముంగట సెల్ఫీలు దిగుతున్నరు.”

“తీసెయ్యమను.”

“ఏమని తీసెయ్యమనాలె? గంతేనా? నర్సమ్మత్త నీ పేరు మీద పోచమ్మకు కోడిని కోసింది. నువ్వు సల్లగ తిరిగి రావాలెనని మొక్కుకున్నదట. కూర గిన్నె పట్టుకొని ఇంటికొచ్చింది.”

“తిన్నవా?”

“తినకుంటే అనుమానం వస్తదని తిన్న. ఆమె ఎదురుంగ కూసొని, ఇంకో ముక్క తిను బిడ్డా, ఇంకో ముక్క తిను అనుకుంట వేసింది. సిగ్గుతోని సచ్చిపోయిన.”

“నా వల్ల నీకు...”

“అబద్ధం నా నోటి నుంచి వచ్చింది, నీ నోటి నుంచి గాదు. గది గట్లుండని. ఇప్పుడు నా మాట ఇను. సత్యానందం సార్‌ను కలిసిన.”

“ఎవలాయన?”

“కోదాడల ఉంటడు. రిటైరైన సుబేదారట. నీ అసుంటోళ్లు ఎవలన్న లోపల ఉన్నరా అని జైళ్ల పొంటి తిరుగుతడట. పోయినసారి నేను బయటికి పోతుంటే గేటు కాడ ఆపిండు.”

“ఆపి?”

“మీ ఆయన ఫౌజీనా అమ్మా అని అడిగిండు.”

“నువ్వేం చెప్పినవ్?”

“ఏం చెప్పలే. ఏడ్సిన. ఆయనకు సమజైంది.”

“అసలు నా సంగతి ఆయనకెట్ల తెలిసింది?”

“నీ దుప్పటితోని.”

“దుప్పటేంది?”

“పొద్దుగాల లేవంగనే అంచుకు అంచు వెట్టి ఇటుక లెక్క మడతవెడ్తవట గదా. ఇంట్ల గూడ గంతే గదా నువ్వు. ఈ వార్డర్ సారే సూసి, ఏమయ్యా, నువ్వు మిల్ట్రీ...”

“అను, అను. ఇంకింత గట్టిగ అను.”

“నువ్వు అదేనా అని అడిగితే, కాదు సార్, లారీ క్లీనర్ను అన్నవట. ఈయనకు నమ్మబుద్ధి గాక ఆ సార్ చెవిల ఏసిండు.”

“పోలీసోళ్లకు గూడ క్లీనర్ననే చెప్పిన. ఫంక్షన్ హాల్ల గదే చెప్పి వాచ్‌మెన్ పనిల చేరిన. కోదాడల నేనెవలో ఎవలకూ తెల్వది. తెల్వద్దు.”

“తెలిస్తేనే బయటపడ్తవ్. ఆ సార్ వాళ్లే వకీల్‌ను పెడ్తరట. బెయిల్ వచ్చినంక హైదరాబాద్ల పెద్ద దవాఖానకు తీస్కపోతరట. నిద్ర పట్టనోళ్లకు, ఉలిక్కి పడెటోళ్లకు ఆడ వేరే డాక్టర్లున్నరట. నీ అసుంటోళ్లు శానమంది ఉన్నరట, నీ ఒక్కనికే గాదట.”

“నాకేం రోగం లేదు.”

“ప్రతి దీపావళికి గొర్ల కాడ కావలి పండుకుంటనని ఊరు దాటి పోయేది ఎందుకు మరి? కుక్కర్ విజిల్ కొడ్తే నువ్వు లేచి నిలవడ్తవని కట్టెల పొయ్యి మీద వండవడితిని. నాకు ఎరుక లేదనుకున్నవా? నీ నోటితోని నువ్వే చెప్పాలెనట. నెంబరు, ర్యాంకు, అన్ని. నీకు ఇష్టం లేకుంటే వాళ్లు ముట్టరట.”

“నేను చెప్ప.”

“ఎందుకు చెప్పవు?”

“తాగి కొట్టిండని రాసుకున్నరు. గదే మంచిగున్నది. తాగినోడు కొట్టిండంటే లోకం నమ్ముతది, నాలుగొద్దులైతే మరిచిపోతది.”

“తాగినవా ఆ రోజు?”

“తాగిన.”

“నా దిక్కు సూసి చెప్పు.”

“తాగిన అంటున్న గదా!”

“సైదులూ.”

“...కొట్టినంక తాగిన.”

“కొట్టినంకనా?”

“పోలీసోళ్లు వచ్చేదాక జర టైముండె. పెండ్లోళ్ల సీసా ఒకటి గోడ కాడ దొరికింది. రెండు గుక్కలు మింగి, మిగిలింది అంగి మీద పోసుకున్న.”

“ఎందుకయ్యా? ఎవలన్న గట్ల చేస్తరా?”

“మరి ఏమని చెప్పాలె? ఊరేగింపు హాల్ గేటు కాడికి వచ్చింది. పటాకుల లడి అంటిచ్చిండ్రు. అంతే, నేను కుర్చీల కింద ఉన్న. ఎట్ల దూరిన్నో నాకే తెల్వది. చిన్న చిన్న పోరగాండ్లు చెవులు మూసుకొని నవ్వుతున్నరు ధనా, పటాకులు సూసి సంబురంగ నవ్వుతున్నరు, నేను కుర్చీల కింద వణుకుతున్న. ఎవడో భుజం మీద చెయ్యేసిండు. చేతుల కట్టె ఉండె. తిప్పి కొట్టిన. లేచి సూస్తే బ్యాండాయన. చెయ్యి పట్టుకొని కూలవడ్డడు. ఫౌజీ పటాకులకు భయపడ్డడని ఏ నోటితోని చెప్పాలె? దానికన్న తాగుబోతు నయం. ఆ బ్యాండాయన ఎట్లున్నడో ఎరుకేనా?”

“మిర్యాలగూడల దవాఖానల ఉన్నడు. ప్లేట్ ఏసిండ్రు.”

“కుడి చెయ్యేనా?”

“కుడి చెయ్యే.”

“బ్యాండు కొట్టే చెయ్యి... నీకెట్ల ఎరుక?”

“పోయి సూసొచ్చిన.”

“ఎందుకు పోయినవ్! ఎవలని చెప్పి పోయినవ్?”

“కాళ్లు పట్టుకుందామని పోయిన. నేను చెప్పేది లేకపాయె. తలుపుల నిలవడంగనే, మీరు సైదులు సార్ భార్య గదమ్మా అన్నడు.”

“నా పేరు ఆయనకెట్ల తెలుసు? ఆయన మొఖం నేనెన్నడు సూడలే.”

“నువ్వు సూడలే. ఆయన సూసిండు. రిటైరై వచ్చిననాడు నిన్ను హుజూర్‌నగర్ నుంచి మన ఊరిదాక జీపుల తెచ్చిండ్రు గదా. మెడ నిండ దండలేసి. ఆ జీపు ముంగట ఎనకకు నడుసుకుంట, నీ దిక్కే సూసుకుంట డప్పు కొట్టినాయన యాదికున్నడా?”

“...ఒకాయన ఉండె. ఎర్ర తువ్వాల.”

“గాయనే. జయరాజు. కుర్చీల కింద నిన్ను సూసి, మన మిల్ట్రీ సార్ గదా, లేపుదామని వచ్చిండట.”

“ఇగ చెప్పకు.”

“చెప్త. ఇన్ని దినాలు నేనొక్కదాన్నే మింగిన. నువ్వు గూడ ఇను. ఆ కొట్టినోన్ని ఎరుగుదువా అని పోలీసోళ్లు అడిగితే, తెల్వదు సార్, ఎవడో తాగినోడు అన్నడట.”

“ఎందుకు? నేను చెయ్యి ఇరగ్గొడ్తే ఎందుకట్ల అన్నడు?”

“నేను గూడ గదే అడిగిన. ‘అంత దూరం ఎనకకు నడిసిన అమ్మా, ఆయన ముంగట. ఆ సార్ కుర్చీల కింద ఏడుస్తుండె అని నేనెట్ల చెప్పాలె, నా డప్పుకు ఇజ్జత్ ఉండదా’ అన్నడు. అని గోడ దిక్కు మొఖం తిప్పుకున్నడు. ఆయన భార్య కవిత నాతోని ఒక్క మాట మాట్లాడలే. ఆయనకు చెంచతోని అన్నం తినిపిస్తున్నది. నేను కొద్దిసేపు నిలవడి వచ్చిన. ఏడవకయ్యా. సూస్తున్నరు.”

“సూడనియ్యి.”

“టైమైతున్నది.”

“ధనా, నర్సమ్మత్తకు చెప్పు. అందరికన్న ముందు ఆమెకు చెప్పు. ఫ్లెక్సీ సంగతి తర్వాత.”

“ఏమని చెప్పాలె?”

“ఉన్నదున్నట్టు. యాడ ఉన్ననో, ఎందుకున్ననో. ఆ కోడి నువ్వు తిన్నది గూడ చెప్పు.”

“నన్ను చెప్పమంటవ్. మరి నువ్వు?”

“సార్! వార్డర్ సార్! జర ఇటు రారి.”

“ఏందయ్యా క్లీనరూ? టైమైపోయింది, నడువు లోపలికి.”

“క్లీనర్ను గాదు సార్. మిల్ట్రీ నాయక్ సైదులును. ఆ రోజు నేను తాగి కొట్టలే సార్, భయపడి కొట్టిన.”