చెరువుకట్ట మీద ఒర్రిన పేరు

"అవ్వగారూ, మీకేమండీ, మీది ఈ ఊరే. మేం వచ్చి ఏడాది కావస్తోంది, నా పేరు కూడా ఇక్కడ ఎవరికీ తెలీదు. అందరూ పైపోర్షను అమ్మాయి అంటారు."

గారేందే, అవ్వ అను, చాలు. మాది ఈ ఊరని ఎవలు జెప్పిన్రు నీకు? ఇల్లు గట్టుకున్నంత మాత్రాన ఊరైతదా? కూసో. ఆ చాట ఇటు జరుపు. గోకరకాయలు తుంచుకుంట జెప్త. నీ కొడుకు బడికెల్లి వచ్చేదాక నీకేం పనున్నది, పైకి వొయ్యి గోడలు సూసుడే గద.

మాది మెదక్ దిక్కు. చిన్న ఊరు, గంతకన్న చిన్న చెరువు. శాపలు వట్టేటోళ్ళం. మా ఇంటాయన, గదే మీ తాత, వల ఇసిరితె సూడాలె బిడ్డా, నీళ్ళ మీద జొన్నరొట్టె లెక్క గుండ్రంగ పడ్తుండె. మా అత్త చేసే రొట్టె గూడ గంత గుండ్రంగ రాకపోతుండె. పాపం, ఆమె లేదిప్పుడు, అనొద్దు గని. ఏం జెప్తున్న? ఆఁ, చెరువు. వానలు లేకుంటె చెరువెండుతుండె, చెరువెండితె మా పొయ్యి ఎండుతుండె. ఊర్ల బడి అయిదో తరగతి దాకనే. మా సుజాత అయిదు పాసయింది. మాకు ఒక్కతే బిడ్డ. సారు ఇంటికొచ్చి మరీ జెప్పిండు, "పిల్ల మంచిగ సదువుతది, ఆపకున్రి" అని. ఆపకుంటె ఏడికి పంపాలె? పెద్ద బడి ఉన్న ఊరికి బస్సే లేకపాయె.

మా తమ్ముడు గప్పటికే ఈడ మందుల కంపినీల లారీలు నింపే పని జేస్తుండె. ఒకపారి వచ్చి, "అక్కా, శామీర్‌పేటకు రాండ్రి. పదో తరగతి దాక బడి ఉన్నది. కాలేజీకి మేడ్చల్ పొయ్యే బస్సులున్నయి. ఆడోళ్ళకు గూడ కంపినీల డబ్బలు సర్దే పని దొరుకుతది" అన్నడు. ఇగ గా మాట నా చెవులనే ఉండిపాయె.

మీ తాత రానంటె రానన్నడు. "గాడ నేనేం జెయ్యాలె, మూటలు మొయ్యాల్నా?" అన్నడు.

"గాడ చెరువున్నది. మన చెరువులు పది వడ్తయట అండ్ల" అన్న.

నా మొఖం సూసిండు. "ఎవలూరి చెరువు ఆళ్ళది. బయటోడొచ్చి వలేస్తనంటె మనం ఏస్కోనిస్తమా?" అన్నడు. గది నిజమే. మా ఊర్ల గూడ గంతే. శాపలోళ్ళ సంగంల పేరుండాలె, లేకుంటె ఒడ్డున నిలవడి సూసుడే.

బతిలాడిన, అలిగిన, రెండు దినాలు బువ్వ తినకుండ కూసున్న. తినలే అంటె... ఆయన లేనప్పుడు జర తిన్న అనుకో. ఆఖరికి ఒప్పుకున్నడు గని ఒక్క మాట వెట్టిండు. "పిల్ల ఆరో తరగతి అయ్యేదాక ఉంట. గప్పటికి గా చెరువు నన్ను రానియ్యకపోతె నేను ఎనుకకు పోత. మీరుంటె ఉండున్రి" అన్నడు. అగో, గా మాట నాకు ముల్లు లెక్క గుచ్చుకున్నది. బిడ్డ సదువు కావాల్నంటె మొగడు దూరం, మొగడు కావాల్నంటె సదువు దూరం. ఒక్క ఏడాది ఇచ్చిండు నాకు.

టమాటల డీసీఎం బండిల ఎక్కి వచ్చినం. సుజాత ఒడిల కోడి, మీ తాత ఒడిల గోనెసంచి, ఆ సంచిల వల. దారి పొడుగుత ఆ కోడి అరుసుడే. రెండు అర్రలు, కిరాయి మూడు నూర్లు. గా పైసలకు ఇప్పుడు పెద్ద రోడ్డు మీద ఒక్క కాఫీ ఇస్తున్రట, నిజమేనానే? ఇంట్ల సామాను సర్దుకుంట ఆ గోనెసంచి ఇప్పవోతె వద్దన్నడు. "ఉండనియ్యి. మళ్ళ పొయ్యేటప్పుడు కట్టుడు దండగ" అన్నడు. తలుపు ఎనుక వెట్టిండు. దినాం ఊడ్సినప్పుడల్లా ఆ సంచి నా కండ్లవడ్తుండె.

బడిల ఎక్కియ్యనీకె నేనే తీస్కపోయిన. పెద్దసారు పిల్ల పేరడిగిండు, చెప్పిన. తండ్రి పేరేందమ్మా అన్నడు. ఇగ నేను నోరు దెరుస్తనా? మా కాలంల మొగని పేరు నోట్లకెల్లి రావద్దు, వస్తె ఆయుస్సు తగ్గుతదంటుండె మా అవ్వ. మీరిప్పుడు "ఒరేయ్" అంటరు. మొన్న మెట్ల మీదికెల్లి ఇన్న నేను, నవ్వకు. సార్ మళ్ళ అడిగిండు. నేను నేల సూసుకుంట సుజాతను మోచేత్తోని వొడిసిన. అది జెప్పింది నాయిన పేరు. సార్ నవ్వుకున్నడు.

పిల్లకు బడి మస్తు నచ్చింది. నాకు కంపినీల పని దొరికింది. తలకు నీలం టోపీ వెట్టిస్తుండె, మొదటి దినం అద్దంల సూసుకుని నేనే నవ్విన. మీ తాతకు కోళ్ళఫారంల దాణా పోసే పని. శాపలు వట్టే చెయ్యి కోళ్ళకు దాణా పోసుడు! దినాం పని దిగంగనే చెరువుకట్ట మీద కూసునేటోడు. ఐతారం పట్నపోళ్ళు కార్లల్ల వచ్చి మక్కకంకులు తినుకుంట నీళ్ళు సూసి మురుస్తుండె. ఈయన నీళ్ళు సూసి పరేషాన్ అయితుండె. "పోయి సంగమోళ్ళను అడుగరాదు" అంటె, "అడిగితె కాదంటరు. కాదన్నంక గా కట్ట మీద గూడ కూసోబుద్ధి గాదు" అంటుండె.

ఒకనాడు సంగం పెద్ద మల్లయ్య, ఆయన మనుషులు చినిగిన వల ముంగట వేస్కొని కుట్టుకుంట కూసున్నరట. ఈయన సూసి సూసి, ఓపక పోయి, ఓ కొస వట్టుకుని కుట్టుడు వెట్టిండట. ఎవలు పిలువలె, ఎవలు పొమ్మనలె. "ఎవలయ్యా నువ్వు?" అంటె "కొత్తగ వచ్చిన" అన్నడట, గంతే. గా దినం సంది ఆయన పేరు కొత్తాయన. చలికాలమంత గట్లనే కుట్టిండు. చాయ్ పోస్తుండె, బీడీ ఇస్తుండె. నీళ్ళల్లకు దిగుమని మాత్రం ఒక్కలు అనలె. నేను కట్ట మైసమ్మకు దినాం మొక్కుతుంటి, అమ్మా, జర నీ నీళ్ళు చూపియ్యమ్మా అని.

ఎండకాలం వచ్చింది. సుజాత పరీక్షలు రాసింది. మీ తాత గోనెసంచి తలుపు ఎనుకకెల్లి తీసి ముంగటికి తెచ్చి వెట్టిండు. నేను దాని సుట్టు ఊడ్సుకుంట పోయిన.

గా వారమే చెరువు వడ్తున్నమని కబురొచ్చింది. అంటె పెద్ద వల వేసి శాపలన్ని ఒక్కపారి తీసుడు. మనుషులు సాలలేరు, "కొత్తాయనా, నువ్వు గూడ రావయ్యా, ఒక చెయ్యి వెయ్యి" అని మల్లయ్య పిలిచిండు. పొద్దుగాల్నే ఉరికిండు మీ తాత. నేను, సుజాత ఎనుకనే పోయినం. నడుము లోతు నీళ్ళల్ల వల గుంజుకుంట "హైసా" అని ఒర్రుతుంటె ఆయన మొఖం సూడాలె బిడ్డా. లగ్గమప్పుడు గూడ గంత సంబురం లేదు ఆ మొఖంల. రవ్వలు, బొచ్చెలు, ఇగో గింత లావు కొర్రమట్టలు.

ఒడ్డు మీద కుప్పలు వోసిన్రు. ఎవల పాలు ఆళ్ళకు పంచుడు ఎట్లంటె, ఒక ముసలాయన చెరువు దిక్కు మొఖం వెట్టి, కుప్పలకు ఈపు వెట్టి నిలవడ్తడు. మల్లయ్య ఒక్కొక్క కుప్ప మీద కట్టె వెట్టి, "గిదెవలికి?" అంటడు. ముసలాయన ఎనుకకు సూడకుంట ఒక పేరు ఒర్రుతడు. సూడలేదు గద, ఎవలకు పెద్దదొచ్చినా లొల్లి ఉండది. అట్ల ఒక్కొక్కటి అయింది. అందరి పేర్లు అయిపోయినయి. ఒక్క కుప్ప మిగిలింది.

"గిదెవలికి?" అన్నడు మల్లయ్య.

"కొత్తాయనకు" అన్నడు ముసలాయన.

మల్లయ్య మాత్రం కట్టె తియ్యలె. "కొత్తాయన అంటె పేరు గాదు. పేరు వెట్టి ఒర్రితెనే పాలు, లేకుంటె అది బిచ్చం. ఈయనకు మేం బిచ్చమెందుకేస్తం? నీ పేరేందయ్యా?" అన్నడు.

మీ తాత నిలవడ్డడు. నోరు లేస్తలేదు. కండ్లల్ల నీళ్ళు. అందరు సూస్తున్రు. చెప్పున్రి, జల్దీ చెప్పున్రి అని నేను మనసుల మొత్తుకుంటున్న. బడిల లెక్క సుజాతను వొడుద్దామని పక్కకు సూస్తె, అది శాపలు సూడనీకె అటెటో ఉరికింది. మల్లయ్య మళ్ళ అడిగిండు. ఇగ ఆగలె నేను. కొంగు నడుముకు చెక్కి, కట్ట మీద నిలవడి, ఒర్రిన. ఆయన పేరు. నేను. అంత మందిల!

ముసలాయన అదే పేరు చెరువు దిక్కు ఇంకింత గట్టిగ ఒర్రిండు. ఇగ సూడు, ఆడోళ్ళు నోట్ల కొంగు వెట్టుకుని నవ్వుడు, మొగోళ్ళు చప్పట్లు. నేను సిగ్గుతోని సచ్చిపోయిన. మీ తాత నన్ను గట్లనే సూసుకుంట నిలవడ్డడు. పన్నెండేండ్ల కాపురంల నా నోట్ల ఆయన పేరు ఇనుడు గదే మొదలు.

ఇంటికొచ్చి శాపలు పక్కన వెట్టి, ముందు గోనెసంచి తాడు ఇప్పిండు. వల దులిపి గోడ మేకుకు తగిలిచ్చిండు. నేను కూరొండుతున్న అన్నట్టు పొయ్యి కాడ కూసుని మస్తు ఏడ్సిన. సంబురానికే. గప్పుడు ఎనుకకెల్లి వచ్చి, "ఇంకొక్కపారి అను" అన్నడు. పో అన్న.

సంగంల పేరెక్కనీకె ఇంక నాలుగేండ్లు వట్టింది, గది వేరే ముచ్చట. సుజాత ఈన్నే పదో తరగతి సదివింది, మేడ్చల్‌ల ఇంటర్, దుండిగల్ కాడ ఇంజనీరింగ్. ఇప్పుడు ఆమెకింద పది మంది పని జేస్తరు. నాకు మాత్రం ఇంకా ఫోన్ నొక్కుడు నేర్పలేకపోయింది. మీ తాత గూడ, ఎప్పుడన్న కొట్లాటయితె, "నా పేరు వెట్టి ఒర్రితివి, ఆయుస్సు తగ్గుతదంటివి, ఏదే, డెబ్బై దాటినా గట్టిగనే ఉన్న" అంటడు. ఏం పేరా? అగో, నన్నే అడుగుతున్నవా? ఒక్కపారి జెప్పిన, సాలు. ఆయన్నే అడుగు.

గేటు చప్పుడయితాంది, అగో వచ్చిండు. ఇయ్యాల చెరువు వట్టిన్రు. సంచి సూడు ఎంత బరువున్నదో. రెండు పాళ్ళు జెయ్యమన్న నేను. ఒకటి కిందికి, ఒకటి పైకి. నువ్వు శాపలు తింటవని నాకెవలు జెప్పాలె, మీ పులుసు వాసన మెట్లు దిగొస్తది. వద్దనకు, గది బిచ్చం గాదు, పాలు. పేరు వెట్టి ఒర్రుతడు మీ తాత, గేటు కాడికెల్లి, కాలనీ అంత ఇనొచ్చేటట్టు...

అయ్యో నా మతి మండ! ఏడాది సంది బిడ్డా బిడ్డా అనుడే గని, నేను గూడ అడుగలే గదనే. నీ పేరేంది? గట్ల మెల్లగ గాదు, ఆయనకు చెవులు సరిగ ఇనొస్తలెవ్వు. సల్లగుండు బిడ్డా, నీ కొడుకు మంచిగ సదువుకోవాలె, ఈ నీళ్ళు నీకు గూడ అచ్చిరావాలె. ఆఁ, ఇప్పుడు జెప్పు. గట్టిగ.