కౌన్సిలర్ గారి సంచి

పోర్ట్ హార్లెన్‌లో చెత్త సేకరణకి కొత్త పద్ధతి మొదలైన గురువారం, పొద్దున్న ఎనిమిది. సముద్రం మీద మంచు ఇంకా విడలేదు. వీధి చివరింటి ముందు కౌన్సిలర్ బర్టన్ జ్వికర్ ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే పరిగెత్తుకొచ్చి చెత్త లారీ నడిపే లెమ్ హాట్‌కి అడ్డం నిలబడ్డాడు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బెంచీ. పెద్దయ్యాక ఒకడు నిబంధనలు రాసేవాడయ్యాడు, ఇంకొకడు వాటిని మోసేవాడయ్యాడు.

"తీసుకోనంటే ఏంటి నీ ఉద్దేశం?"

"తీసుకోనంటే తీసుకోననే, కౌన్సిలర్ గారూ. సంచి మీది, చీటీ నాది. ఇదిగో, అంటించేశా."

"పీకెయ్! ముందా నారింజరంగు చీటీ పీకెయ్! పక్కవీధిక్కూడా కనబడుతోంది."

"కనబడాలనే కదండీ ఆ రంగు పెట్టించారు. 'సిగ్గుపడితేనే జనం నేర్చుకుంటారు' అన్నారు సభలో. రేడియోలో విన్నాను."

"అది జనం గురించి."

"ఆహా."

"లెమ్, ఎనిమిదిన్నరకి పత్రికమ్మాయి వస్తోంది. ఫొటోకి. కొత్త పద్ధతి మొదటిరోజు, సంచి, పక్కన నేను. ఐదు వారాల్లో ఎన్నికలు పెట్టుకుని నా గుమ్మంలోనే ఈ చీటీ కనబడిందంటే నా పదవి గల్లంతే!"

"మరి సంచి సరిగ్గా కట్టుకోవాల్సింది."

"సరిగ్గానే కట్టాను! తప్పేంటో చెప్పు. ఆ సాస్ సీసానా? మూడుసార్లు కడిగాం."

"సీసా తళతళలాడుతోంది. నేను దాని జోలికే పోలేదు."

"అట్టపెట్టా? నూనె మరక ఉన్న ముక్క చింపి తడిచెత్త వేసే ఆకుపచ్చ డబ్బాలో వేశాను."

"చూశాను. ముచ్చటగా చింపారు."

"మరి... ఆ డబ్బాలా?"

"చిక్కుడుగింజల డబ్బాలు పద్నాలుగూ సరిగ్గానే ఉన్నాయండి. కాకపోతే మొన్న ఫైర్‌స్టేషన్ హాల్లో విందుకి మీ ఆవిడ గ్లెండా గారు రాత్రంతా మేలుకుని గింజలు ఉడకబెట్టారని అందరం చప్పట్లు కొట్టామే, అదే ఆలోచిస్తున్నా."

"డబ్బాల గురించి నోరు మెదిపావంటే..."

"నేనెందుకు మెదుపుతానండీ, సంచే చెబుతోంది. లోపలిది బయటికి కనబడాలని నల్లసంచులు తీయించి ఈ అద్దంలాంటి సంచులు పెట్టించింది మీరేగా. ఇంటికొక్క నల్లసంచైనా ఉండనివ్వమని కోర్కమ్ టీచరుగారు అడిగితే, 'మర్యాదస్తులకి దాచుకునేదేముంటుంది' అన్నారు."

"ఆ ముసలావిడ గోల ఇప్పుడెందుకు? తప్పేంటో చెప్పి చావు!"

"అదిగో, డబ్బాల వెనకాల. మెరుస్తూ. మిమ్మల్నే చూసి నవ్వుతోంది."

"ఏదీ? అది... అది నేనే!"

"మీరే."

"అది నా ఫొటో వేసిన కరపత్రం, లెమ్! కొత్త పద్ధతి ఎలా పాటించాలో చెప్పే కరపత్రం! కాగితం! కాగితం సంచిలో వెయ్యొచ్చు!"

"మూడో పేజీ చదివారా?"

"రాసిందే నేను!"

"రాశారు సరే, చదివారా? 'ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం సంచిలో వేయరాదు. వేసినచో సంచిని వదిలి చీటీ అంటించవలెను.'"

"...దానికి పూత ఉందా?"

"గోరుతో గీకి చూడండి."

"ఓరి దేవుడా! నేనే వేయించమన్నాను. మన ఊళ్ళో వాన లేనిదెప్పుడు? గుమ్మంలో పడేస్తే గంటలో ముద్దైపోతుందని..."

"పూత మాత్రం గట్టిది. నా లారీ ముందు ఒకటి ఇరుక్కుని వారం రోజులుగా నానుతోంది. మీ పళ్ళు ఇంకా తెల్లగానే ఉన్నాయి."

"సరే, విప్పి నేనే తీసేస్తా."

"చీటీ పడ్డ సంచి వచ్చే గురువారందాకా విప్పకూడదు. ఐదో పేజీ."

"దుప్పటి కప్పేస్తా!"

"సంచి మీద ఏమీ కప్పరాదు. నాలుగు."

"నా నిబంధనలు నాకే అప్పజెప్పకు! లెమ్... ఒరేయ్ లెమ్. ఒకే బెంచీ కదరా మనం. విసిరెయ్యరా లారీలోకి. ఈ మంచులో ఎవడు చూడొచ్చాడు?"

"ఇప్పుడు ఒరేయా? మొన్న సభకొస్తే 'మీకు రెండు నిమిషాలు, మిస్టర్ హాట్' అన్నావు."

"అది సభ."

"ఇది రోడ్డు. ఆ రెండు నిమిషాల్లో నేనేమడిగానో గుర్తుందా?"

"ఏదో... లారీల గురించి..."

"లారీలు కాదు. తప్పు సంచి ఎక్కించినవాణ్ణి ఆరోజే పన్లోంచి పీకేస్తామన్న ముక్క కొట్టెయ్యమన్నాను. మాలో సగంమందికి చూపానదు, మంచులో సంచి లోపల ఏముందో కనబడి చావదు అన్నాను. నువ్వు గడియారం చూసుకున్నావు. ఇరవై రెండేళ్ళ పని నాది, బర్టూ. నీ ఫొటో కోసం పోగొట్టుకోను."

"నేను చెబుతాగా వాళ్ళకి!"

"రాసివ్వు. సంతకం పెట్టి."

"రాసా? రాయడమంటే... అది కుదరదు, పద్ధతి ఉంటుంది."

"అదే నేనూ అంటున్నది."

"...సరే. సరే. ఫొటో నా ఇంటి ముందే తియ్యాలని ఎక్కడుంది? పక్కింటి సంచి దగ్గర నిలబడతా. ఫ్రేజర్ వాళ్ళది?"

"చీటీ అంటించా."

"వాళ్ళకేమొచ్చింది?"

"నీ కరపత్రం."

"ఎదురింటివాళ్ళకి?"

"నీ కరపత్రం. నాలుగు ముక్కలు చేసి మరీ వేశారు."

"పాస్టర్ గారిది?"

"మడతైనా విప్పలేదు. అవతలి చివర్నించి మొదలుపెట్టా, ఇదే ఆఖరిల్లు. ముప్పై ఒక్క ఇళ్ళకి ముప్పై చీటీలు. వెనక్కి తిరిగి చూడు, ప్రతి సంచిలోంచీ నువ్వే నవ్వుతున్నావు. నా చీటీల పుస్తకం అయిపోవచ్చింది."

"ఆగాగు! ముప్పై ఒకటికి ముప్పయ్యే అన్నావు. ఒకటి మిగిలిందిగా! ఎవరిది?"

"కోర్కమ్ టీచరుగారిది."

"మన మూడో తరగతి టీచరు! చూశావా, చూశావా? ఎనభై ఒక్కేళ్ళ మనిషి చక్కగా చదివి దాచుకుంది. మీ అందరికీ లేని బుద్ధి ఆవిడకుంది!"

"దాచుకున్న మాట నిజమే. పొద్దున్న నాకు చూపించింది కూడా. మూడో పేజీలో ఆ పూత ముక్క కింద ఎర్ర పెన్సిల్‌తో గీత గీసింది."

"అమ్మయ్య! బతికించింది! ఆవిడ ఇంటి ముందే తీయిద్దాం. నేనూ, టీచరుగారూ, మధ్యలో సంచీ. ఆ పత్రికమ్మాయి రాగానే నువ్వు..."

"ఆ అమ్మాయి వచ్చి అరగంటైంది. టీచరుగారి వంటింట్లో కూచుని చేప వడలు తింటోంది."

"అక్కడేం చేస్తోంది? రావలసింది నా దగ్గరికి కదా?"

"వస్తుంది. నీ సంచి ఫొటో చివర్న తీస్తుందట. ముందు టీచరుగారిది."

"ఆవిడ ఫొటో ఎందుకు?"

"నిన్న సాయంత్రం నీ సీటుకి నామినేషన్ వేసింది, బర్టూ. ప్రచారానికి కరపత్రాలేమైనా అచ్చు వేయించాలా టీచర్ అని అడిగా. 'ఎందుకురా, బర్టన్ ఇంటింటికీ పంచిపెట్టినవే చాలు' అంది."